మునిగే తీరంలో మడ లెక్కలు

జకార్తా నుంచి తూర్పుకు సాగే రైలు జావా ఉత్తర తీరాన్ని పట్టుకుని వెళుతుంది. బతాంగ్ జిల్లాలో కొంతదూరం పట్టాల పక్కనే అలలు కనిపిస్తాయి. ఆ తర్వాత వచ్చే పెద్ద ఊరు సెమరాంగ్. మధ్య జావా రాజధాని, పదహారు లక్షలకు పైబడిన జనాభా. ఇక్కడి తవాంగ్ స్టేషను 1914లో డచ్చివాళ్ల హయాంలో తెరిచింది. బయటికి రాగానే ఎదురుగా ఒక పెద్ద చెరువు. టూరిస్టులు దాని గట్టున ఫొటోలు దిగుతారు గాని, అది పాతపట్నంలో చేరే నీటిని పట్టి ఉంచి పంపులతో తోడిపోయడానికి తవ్వింది. అది ఉన్నా 2021 ఫిబ్రవరి వరదలో స్టేషను మునిగింది. వాన చుక్క లేని రోజున కూడా ఈ ఊళ్లో వరద వస్తుంది. పోటు నీరు వీధుల్లోకి ఎక్కడాన్ని ఇక్కడివాళ్లు రోబ్ అంటారు. ఉత్తరాన ఉన్న పేటల్లో మోకాలెత్తున కిటికీలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. రోడ్డు ఎత్తు పెంచిన ప్రతిసారీ ఇల్లు ఇంకాస్త కిందికి పోయినట్టవుతుంది. చేతిలో డబ్బున్నవాళ్లు గచ్చు లేపుకుంటారు. రెండు మూడుసార్లు లేపాక పైకప్పు తలకు తగులుతుంది.

ఈ ఊరు ఇప్పుడు సముద్రానికి అడ్డంగా గోడ కడుతోంది. గోడ దారిలో పడిన మడ అడవికి బదులు వేరేచోట మడ పెంచుతామంటోంది. వరద పనికి పోయిన అడవిని అడవితోనే పూడ్చడం వినడానికి న్యాయంగానే ఉంది. పోయినదాన్ని ఏ కొలతతో కొలుస్తున్నారు, తిరిగి ఇచ్చేదాన్ని ఏ కొలతతో కొలుస్తున్నారు అన్న దగ్గరే చిక్కు. మడ చెట్టు నేల మట్టాన్ని బట్టి, రోజుకు ఎన్ని గంటలు నీళ్లలో ఉంటుందన్న దాన్ని బట్టి బతుకుతుంది. నేలే కుంగిపోతున్న తీరంలో ఆ కుంగుడు ఆపకుండా హెక్టారుకు హెక్టారు అని జమ రాసుకుంటే, ఆ జమ కాగితం మీదే నిలుస్తుంది. సెమరాంగ్ నుంచి తూర్పుగా దెమాక్ దాకా సాగే ముప్పై కిలోమీటర్లలోపు దారి ఈ మాటకు సాక్ష్యం చూపిస్తుంది.

దారి పట్టే ముందు ఊళ్లోనే నైరుతి వైపున్న సాం పో కాంగ్ గుడి చూడాలి. చైనా నౌకాదళపతి జెంగ్ హె పదిహేనో శతాబ్దంలో ఇక్కడ ఒడ్డుకు చేరాడని నమ్మకం. ఇప్పుడా గుడి నుంచి సముద్రం చూడాలంటే ఊరు మొత్తం దాటాలి. అటు దెమాక్ ఒకప్పుడు రేవు పట్నం, జావా తొలి ముస్లిం సుల్తానుల గద్దె. దానికీ ముర్యా కొండకూ మధ్య అప్పట్లో ఓడలు తిరిగే జలసంధి ఉండేది. ఏళ్ల తరబడి ఏరులు మోసుకొచ్చిన ఒండ్రు దాన్ని పూడ్చేసింది. అంటే ఈ తీరం సముద్రంలోకి పెరుగుతూ వచ్చిన తీరం. ఉత్తర సెమరాంగ్ కింద ఉన్నదంతా లేత బురద, ఇంకా గట్టిపడని నేల. పైన బరువు పెడితే, లోపలి నీరు లాగేస్తే అణుగుతుంది. గత యాభై ఏళ్లలో ఈ రెండూ జరిగాయి. రేవు, ఫ్యాక్టరీలు, గోదాములు, హోటళ్లు వచ్చాయి. అవి తాగే నీరు ఎక్కువగా లోతు బోరుల నుంచి వచ్చింది.

ఫలితం అంకెల్లో తెలుస్తుంది. ఉత్తర, ఈశాన్య పేటల్లో నేల ఏటా 10 సెంటీమీటర్ల దాకా కుంగిన చోట్లున్నాయి. 2022లో ఉపగ్రహ కొలతలతో ప్రపంచంలోని తీర నగరాలను పోల్చిన ఒక అధ్యయనంలో చైనాలోని తియాన్‌జిన్, జకార్తాలతో పాటు సెమరాంగ్ అందరికంటే వేగంగా కుంగుతున్న మూడింటిలో ఒకటిగా తేలింది. సముద్రమట్టం పెరుగుదల ఏటా నాలుగు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కుంగుడు దానికి పది ఇరవై రెట్లు. ఇక్కడి వరదను వాతావరణ మార్పు ఖాతాలో వేసే ప్రసంగాలు తరచుగా వినబడతాయి. వాతావరణ మార్పు నిజమే, దాని వాటా ఇక్కడ చిన్నది. పెద్ద వాటా బోరుబావులది. బోరు వేసినవాడి పేరు చెప్పడం కంటే సముద్రం పేరు చెప్పడం ఏ మునిసిపాలిటీకైనా సుఖం.

పాతపట్నం దాటి తూర్పుగా కాలిగావె రోడ్డు పట్టుకుంటే ఎడమవైపు ఫ్యాక్టరీలు, కంటైనర్ లారీలు, నీళ్లు నిలిచిన ఖాళీ జాగాలు. జావా ఉత్తర తీరంలో సరుకు నడిచే ప్రధాన రహదారి ఇదే. పోటు ఎక్కువైన రోజున లారీలు నీళ్లలో నిలబడిపోతాయి. తెర్బోయో దగ్గర నుంచి సముద్రం వైపు చూస్తే కొత్త పని కనిపిస్తుంది. సెమరాంగ్-దెమాక్ టోల్ రోడ్డు మొత్తం 27 కిలోమీటర్లకు కాస్త తక్కువ. సయుంగ్ నుంచి దెమాక్ దాకా ఉన్న 16 కిలోమీటర్ల భాగం 2023 ఫిబ్రవరిలో తెరిచారు. కాలిగావె నుంచి సయుంగ్ దాకా ఉన్న 10.64 కిలోమీటర్ల భాగమే అసలు కథ. అది సముద్రంలోంచి పోతుంది. పైన రోడ్డు, అదే కరకట్ట. దాని వెనక తెర్బోయోలో 189 హెక్టార్లు, శ్రీవులన్‌లో 28 హెక్టార్ల చెరువులు. వాన నీరు వాటిలో చేరితే పంపులు బయటికి తోడతాయి. మెత్తటి బురదలో కట్ట దిగబడకుండా అడుగున పొరలు పొరలుగా వెదురు చాపలు పరుస్తున్నారు. దాదాపు కోటి వెదురు బొంగులు పడతాయని ప్రభుత్వ అంచనా. ఇంత కాంక్రీటు చివరికి వెదురు మీద ఆనుతోందన్నది ఈ దారిలో చూడదగ్గ వింత.

ఈ కట్ట దారిలో పడే మడ అడవి సుమారు 46 హెక్టార్లని లెక్క తేల్చారు. బదులుగా వేరే తీరపు చోట్ల పెంచుతామన్నారు. 46 పోయింది, 46 వచ్చింది, లెక్క సరి. కాని మడ చేసే మేలును హెక్టార్లలో ఎవరూ అనుభవించరు. తుపాను రోజున ఊరికి కావలసింది తన ముందు ఎన్ని మీటర్ల వెడల్పున చెట్లున్నాయన్నది. నూరు మీటర్ల వెడల్పు మడ దాటేసరికి అల ఎత్తు 13 నుంచి 66 శాతం దాకా తగ్గుతుందని కొలతలు చెబుతున్నాయి. పెద్ద ఉప్పెన నీటి మట్టం తగ్గాలంటే కిలోమీటర్ల వెడల్పు కావాలి, అప్పుడు కూడా కిలోమీటరుకు తగ్గేది 5 నుంచి 50 సెంటీమీటర్లే. ఈ లెక్కన 46 హెక్టార్లను నూరు మీటర్ల పట్టీగా పరిస్తే 4.6 కిలోమీటర్ల తీరానికి కాపు. అదే 46 హెక్టార్లు ఖాళీ దొరికిన చోట ఒకే మడిగా పెంచితే కాచే తీరం ఏడు వందల మీటర్లు. విస్తీర్ణం ఒకటే, కాపుదల ఏడో వంతు. పైగా మడ పోయిన పేట ఒకటి, మడ వచ్చిన పేట మరొకటి. పాత మడలో పీతలు పట్టుకున్నవాడికి పడవ ప్రయాణం దూరంలో మొలిచిన చెట్టు వల్ల ఒరిగేదేమీ లేదు. కరకట్టకు లోపలివైపు చిక్కిన చెట్ల సంగతి మరీ కష్టం. ఆటుపోట్లు ఆగిపోయి నీరు కదలకుండా నిలిస్తే మడకు ఊపిరాడదు. గొడ్డలి పడకపోయినా ఆ అడవి పోయినట్టే. మరి ఆ చెట్లు లెక్కలోకి వస్తాయా?

ఏదో ఒకచోట నాటితే నష్టమేముంది, చెట్టే కదా అని ఎవరైనా అనొచ్చు. నాటే ఉత్సవాల ఫొటోలు చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. అధికారులు, బడిపిల్లలు, కంపెనీ టీషర్టులు వేసుకున్న ఉద్యోగులు, బురదలో వరసలుగా ఉప్పుపొన్న మొలకలు. ఉప్పుపొన్న మొలక పొడవుగా ఉంటుంది, గుచ్చితే నిలబడుతుంది, అందుకే దానిమీద మోజు. గుచ్చడానికి సులువైన చోటు కూడా ఊరి బయట ఖాళీగా కనిపించే సముద్రపు బురద. అక్కడ ఎవరి పట్టా లేదు, తగువు లేదు. కాని ఆ బురద ఖాళీగా ఉండడానికి కారణం అది రోజులో ఎక్కువసేపు నీటి అడుగున ఉండడమే. మడ సగటు సముద్రమట్టానికి పైన, పెద్ద పోటు తగిలే గీతకు కింద ఉన్న ఇరుకు పట్టీలోనే పెరుగుతుంది. ఊపిరి వేళ్లు గాలికి తేలాలి. శ్రీలంకలో 2004 సునామీ తర్వాత వెయ్యి హెక్టార్లకు పైగా నాటారు. తర్వాత 23 చోట్ల తిరిగి పరిశీలించినవాళ్లకు నిలిచినట్టు కనిపించింది ఇంచుమించు రెండు వందల హెక్టార్లు. తొమ్మిది చోట్ల ఒక్క మొక్కా మిగల్లేదు. కాబట్టి నష్టం ఉంది. డబ్బు పోతుంది, గుల్లలూ పక్షులూ బతికే మంచి బురద పాడవుతుంది. అన్నిటికంటే పెద్ద నష్టం, బాకీ తీరిందన్న రసీదు చేతికి వస్తుంది.

కాలిగావె రోడ్డు నగర పొలిమేర దాటగానే దెమాక్ జిల్లా సయుంగ్ మండలం. ఇక్కడ దారి దిగి సముద్రం వైపు వెళితే బెదోనో, తింబుల్‌స్లోకో పల్లెలు. ఇవి వరి పండించిన ఊళ్లు. ఉప్పునీరు ఎక్కాక చేపల చెరువులయ్యాయి. రొయ్యకు ధర పలికిన 1980ల్లో ఒడ్డున మిగిలిన మడ కూడా చెరువులకింద పోయింది. ఆ తర్వాత చెరువు గట్లు తెగాయి, సముద్రం కొన్నిచోట్ల కిలోమీటరుకు మించి లోపలికి వచ్చింది. బెదోనోలో రెండు వాడలు దాదాపు ఖాళీ అయ్యాయి. వాటిలో తంబక్‌సారిలో షేక్ అబ్దుల్లా ముద్జాకిర్ సమాధి మాత్రం నీటి మధ్య నిలిచి ఉంది. యాత్రికులు మడ చెట్ల మధ్య కట్టిన బాట మీద నడిచి వెళతారు, కొమ్మల మీద కొంగలు. తిరిగి పెంచిన మడ ఎలా ఉంటుందో చూడాలనుకునేవారికి ఇది మంచి చోటు. ఊరు పోయాక అడవి నిలిచిందన్న సంగతి కూడా కంటిముందే ఉంటుంది. తింబుల్‌స్లోకోలో ఇళ్లు ఇంకా ఉన్నాయి, నీళ్లలో. ఇంటికీ ఇంటికీ మధ్య చెక్క వంతెనలు. ఊరి శ్మశానం మీద పోటు నీరు తిరుగుతుంది.

ఈ తీరంలోనే 2015లో ఇండోనేషియా ప్రభుత్వం, డచ్చి సంస్థలు, వెట్‌లాండ్స్ ఇంటర్నేషనల్, సెమరాంగ్‌లోని డిపోనెగోరో విశ్వవిద్యాలయం కలిసి వేరే దారి తొక్కాయి. ముందు మొక్క నాటకూడదు, ముందు బురద పట్టాలి అన్నది వాళ్ల లెక్క. ఒడ్డుకు కాస్త దూరంలో వెదురు, కర్ర గుంజలు రెండు వరసలుగా పాతి మధ్యలో కంప కుక్కారు. ఆ కంచె గుండా అల వస్తుంది గాని నీరసించి వస్తుంది. దానితో వచ్చిన ఒండ్రు వెనక పేరుకుంటుంది. మట్టం తగినంత లేచిన చోట మడ విత్తులు పోటుతో కొట్టుకొచ్చి తమంతట తామే మొలుస్తాయి. మన కోరింగలో తెల్లమడ అని పిలిచే జాతిదే ఇక్కడ ముందడుగు. మరోవైపు రైతులకు చెరువుల్లో పెంపకంపై బడులు పెట్టి, ఏటి వెంట ఉన్న చెరువు భాగాన్ని మడకు వదిలేలా ఒప్పించారు. ఇరవై కిలోమీటర్ల తీరంలో సాగిన ఈ పనిని 2022 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి తన తొలి పది పునరుద్ధరణ నమూనాల్లో ఒకటిగా ఎంచింది.

మరి ఆ నమూనా మాత్రం నిలిచిందా? కంపకంచెలను నావపురుగు తొలిచేసింది, ఏటా మరమ్మతు తప్పలేదు, కొన్నిచోట్ల గుంజలు మార్చాల్సి వచ్చింది. కంచె వెనక లేచిన బురద కూడా నేలతో పాటు మళ్లీ కిందికి జారింది. తింబుల్‌స్లోకో ఈనాటికీ నీళ్లలోనే ఉంది. కాబట్టి ప్రకృతి కబుర్లు ఆపి గోడ కట్టుకోవడమే మేలు అనేవారున్నారు. ఈ ఆక్షేపణ బలమైనదే. కాని అది మడకు ఎంత వర్తిస్తుందో గోడకూ అంతే వర్తిస్తుంది. మడ తన వేళ్ల కింద ఒండ్రు పట్టుకుంటూ సముద్రంతో పాటు లేవగలదు, అయితే నీటి పెరుగుదల ఏటా 6-7 మిల్లీమీటర్లు దాటితే చేతులెత్తేస్తుందని పాత తీరాల పరిశోధన చెబుతోంది. ఇక్కడ కుంగుడు సెంటీమీటర్లలో ఉంది. గోడకైతే తనంతట తాను లేచే గుణమే లేదు. ఏటా ఎనిమిది పది సెంటీమీటర్లు కుంగే నేల మీద మూడు మీటర్ల కట్ట ముప్పై నలభై ఏళ్లలో సముద్రమట్టానికి దిగిపోతుంది. దెమాక్ ప్రయోగం ఓడిన చోట ఓడించింది భూగర్భజలాన్ని తోడేయడం. ఆ మాట ఆ ప్రయోగం చేసినవాళ్లే చెప్పారు.

గోడ వద్దనడం కుదరదు, అది నిజం. 2022 మే 23న సెమరాంగ్ తంజుంగ్ ఎమాస్ రేవు దగ్గర పారిశ్రామికవాడ కట్ట తెగి, షిఫ్టులో ఉన్న కార్మికులు లోతు నీళ్లలో నడిచి బయటపడ్డారు. ఆ ఫ్యాక్టరీల వెనక పేటల్లో ఉన్నవాళ్లను మడ పెరిగేదాకా పదేళ్లు ఆగండి అనడం దయలేని మాట. తరచూ లారీలు ఆగే దారికి కొత్త రోడ్డు కావాలి. ఎవరి ఇల్లు మునుగుతోందో వాళ్లకు గోడ ఇవ్వాల్సిందే. కాని గోడ కట్టించేవాళ్లు దాని అసలు ఖరీదు చెప్పాలి. నిలువు గోడకు తగిలిన అల శక్తి చావదు, అడుగు బురదను తవ్వుతుంది, పక్కకు తిరిగి గోడ ఆగిపోయిన చోట ఒడ్డును కోస్తుంది. గోడ చివర ఉన్నవి సయుంగ్ పల్లెలు. వాళ్ల ముందు మడ నిలబెట్టడమే నిజమైన పరిహారం. అది కష్టమైన చోటు, ఖర్చెక్కువ, కంపకంచెలు ఏటా బాగుచేయాలి, చెరువు రైతులకు అద్దె ఇవ్వాలి. సులువైన చోట నాటి 46 పూర్తిచేయడం కంటే అక్కడ పదిహేను హెక్టార్లు నిలబెట్టినా ఎక్కువ మేలు.

ఈ తీరంలో మడ పునరుద్ధరణకు అత్యంత ముఖ్యమైన పని సముద్రం ఒడ్డున జరగడంలేదు. ఊరికి నైరుతిన, క్రెయో ఏటి మీద కట్టిన జాతిబరాంగ్ జలాశయం దగ్గర జరుగుతోంది. ఆ నీటిని శుద్ధిచేసి పడమటి సెమరాంగ్‌కు పైపుల్లో ఇచ్చే సెకనుకు వెయ్యి లీటర్ల పథకం 2021లో మొదలైంది. కుళాయి నీరు చేరిన వీధిలో బోరు మూయించడానికి అధికారికి నోరుంటుంది, చేరని వీధిలో ఉండదు. టోక్యో ఇదే చేసింది. తూర్పు టోక్యోలో కొన్ని పేటలు నాలుగు మీటర్లకు పైగా కుంగాక, 1960ల నుంచి ఫ్యాక్టరీల బోర్లకు కళ్లెం వేసి వేరే నీరిచ్చారు. 1970ల తర్వాత కుంగుడు దాదాపు ఆగింది. కుంగిన నేల తిరిగి లేవలేదు, అక్కడ ఇప్పటికీ కరకట్టలూ పంపులూ కావాలి. అయితే ఆ కట్టలు కట్టిన ఎత్తులోనే ఉన్నాయి. ఇండోనేషియా ఇప్పుడు జావా ఉత్తర తీరమంతా అయిదు వందల కిలోమీటర్లకు మించి పెద్ద సముద్రపు గోడ కడతామంటోంది. అధ్యక్షుడు ప్రబోవో చెప్పిన ఖర్చు 80 బిలియన్ డాలర్లు. అందులో ఎన్నో వంతు పైపులకు పెడతారన్నదాన్ని బట్టే ఆ గోడ ఆయుష్షూ, దాని ముందు నాటే మడ ఆయుష్షూ ఉంటాయి.

గోదావరి జిల్లాల పాఠకుడికి ఇదంతా దూరపు కబురు కానక్కర్లేదు. మన డెల్టా కూడా ఒండ్రు నేలే. ఎగువ డ్యాములు ఒండ్రును పైనే ఆపేస్తున్నాయి. ఉప్పాడలో కోతకు అడ్డంగా వేసిన జియోట్యూబు గోడ తుపాన్లకు చిరిగి దెబ్బతింది. ఇదే తీరంలో మంచి పాఠమూ ఉంది. కోరింగలోనూ కృష్ణా మొగల్లోనూ పాడుపడిన మడ నేలల్లో అటవీశాఖ, స్వామినాథన్ పరిశోధన సంస్థ ఊరివాళ్లతో కలిసి చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వించాయి. పోటు నీరు లోపలికి వచ్చి పాటుకు తిరిగిపోయే దారి దొరికాకే మొక్కలు నాటారు, అవి నిలదొక్కుకున్నాయి. ఆ నేల కుంగి అడుగున పడలేదు, నీరు కదలక చౌడెక్కింది. రోగం వేరు కనుక మందు వేరు. సెమరాంగ్‌లో కాలవలు తవ్వినంత మాత్రాన సరిపోదు, కాకినాడలో కంపకంచె అక్కర్లేకపోవచ్చు.

సెమరాంగ్ 46 హెక్టార్ల బాకీ తీరిందో లేదో నాటిన రోజు ఫొటో చెప్పదు. గోడ పూర్తయిన అయిదో ఏట, పదో ఏట ఆ చోట్ల బురద మట్టం కొలిచి, సయుంగ్ పల్లెల ముందు పట్టీ వెడల్పు కొలిచి, మూతపడిన బోర్ల జాబితా పక్కన పెట్టి చూడాలి. మన రేవులకో, కరకట్టలకో, బీచ్ రోడ్లకో ఇలాంటి బేరం కాగితం మీదికి వచ్చిన రోజున, ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లేవారు మొక్కల సంఖ్య విని ఇంటికి రాకండి. నాటబోయే చోటు ఏ ఊరి ముందో, అక్కడి నేల మట్టం ఎంతో, ఏటా ఎంత కుంగుతోందో ఏ పేజీలో రాశారో చూపించమని అడగండి.